అరిసెలు విచ్చిపోకుండా, రాయిలా గట్టిపడకుండా

నూనెలో అరిసె విచ్చిపోయిందంటే తప్పు మూకుడుది కాదు. పిండిలోనో పాకంలోనో ముందే జరిగిపోయి ఉంటుంది.

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం, 100 గ్రాముల నెయ్యి, 50 గ్రాముల నువ్వులు, ఆరేడు యాలకులు. బియ్యం పచ్చివే కావాలి, ఉప్పుడు బియ్యం పనికిరావు. పావు కిలో ఎక్కువే నానబోయండి, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

బియ్యం 24 గంటలు నానాలి. మధ్యలో రెండు మూడుసార్లు నీళ్లు మార్చకపోతే పులుపు వాసన వస్తుంది. నీళ్లు వంపేశాక గుడ్డ మీద పది నిమిషాలు ఆరబెడితే చాలు, ఫ్యాను వద్దు. మర పట్టించి, జల్లించి, గిన్నెలో అదిమి తడిగుడ్డ కప్పండి. గుప్పిట్లో పట్టి నొక్కితే పిండి ముద్దగా నిలవాలి. తడి ఆరిన పిండి పాకాన్ని పీల్చేసుకుంటుంది, అరిసె బిరుసెక్కుతుంది. కొట్లో దొరికే పొడి బియ్యప్పిండితో ఎవరెన్ని చిట్కాలు చెప్పినా అరిసె రాదు. విదేశాల్లో మర లేనివాళ్లు నానిన బియ్యాన్ని మిక్సీలో కొద్దికొద్దిగా తిప్పి జల్లించుకోవచ్చు.

ఇక పాకం. బెల్లం తరిగి గ్లాసు నీళ్లు పోసి కరిగించి, ఇసుక ఉంటుంది కాబట్టి వడకట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టండి. నురగ చిక్కబడగానే పళ్లెంలో చల్లటి నీళ్లు పోసుకుని ఓ చుక్క వేసి చూడాలి. కరిగిపోతే లేత. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టాలి. ఆ ఉండ పళ్లేనికి కొడితే టంగుమందంటే ముదిరిపోయినట్టే. ఈ రెంటికీ మధ్య తేడా ఒకటి రెండు నిమిషాలే, అందుకే చూసే ప్రతిసారీ మంట తగ్గించండి.

ఉండ పాకం రాగానే పొయ్యి కట్టేసి నెయ్యి, యాలకుల పొడి, నువ్వులు వేయండి. ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో కలపాలి, ఒంటిచేత్తో అయ్యే పని కాదు. చలిమిడి చపాతీ ముద్ద కంటే కాస్త జారుగా ఉన్నప్పుడే ఆపేయండి, చల్లారాక అదే గట్టిపడుతుంది. పిండి మిగిలితే మిగలనివ్వండి.

ముందు ఒక్క అరిసె వేసి చూడండి. విచ్చిపోతే పాకం లేత: మిగిలిన తడిపిండి కొంత కలపండి. గట్టిగా వస్తే గోరువెచ్చటి పాలు చిలకరించి మర్దించండి, కానీ పాలు పడ్డవి రెండు మూడు రోజుల్లో తినేయాలి.

నూనె రాసిన అరిటాకు మీద పావు అంగుళం మందాన తట్టి, మధ్యస్థమైన మంట మీద వేయించాలి. పెద్ద మంటైతే బెల్లం మాడి పైన నలుపు, లోపల పచ్చి. పైకి తేలాకే తిప్పండి. ఎర్రబడగానే తీసి రెండు చిల్లుల గరిటెల మధ్య గట్టిగా నొక్కితే నూనె కారిపోతుంది. వేడి మీద దొంతర పెడితే అంటుకుంటాయి. పూర్తిగా ఆరాక స్టీలు డబ్బాలోకి.