ఆటలో కాలు బెణికితే ఏం చేయాలి? మళ్లీ బెణకకుండా ఎలా చూసుకోవాలి?

పరుగులో గబుక్కున పక్కకు తిరిగినప్పుడో, ఎగిరి ఇంకొకరి పాదం మీద దిగినప్పుడో కాలు లోపలికి మడతపడుతుంది. చీలమండ బయటి వైపు ఎముకను పాదంతో కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు సాగుతాయి, ఒక్కోసారి చిరుగుతాయి. బెణుకంటే ఇదే. నరం పక్కకు జరగడం కాదు కాబట్టి లాగి సరిచేయడానికి అక్కడేమీ ఉండదు.

1. ముందు ఎముక సంగతి తేల్చుకోండి

ఆట వెంటనే ఆపేయండి. చీలమండకు రెండు పక్కలా పొడుచుకొచ్చిన ఎముకల కొనలను, వాటి వెనక అంచు వెంట పైకి 6 సెంటీమీటర్ల వరకు వేలితో నొక్కి చూడండి. చిటికెన వేలు వైపు పాదం అంచు మధ్యలో గట్టిగా తగిలే బొడిపెనూ, లోపలి వైపు పాదం వంపు పైనున్న ఎముకనూ అలాగే నొక్కండి. వీటిలో ఎక్కడైనా ఎముక మీదే నొప్పి పుట్టినా, కుంటుతూ కూడా నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. డాక్టర్లు వాడే ఒట్టావా నియమాల సారం ఇదే. పాదం వంకరగా కనిపించినా, వేళ్లు చల్లబడినా, స్పర్శ తెలియకపోయినా క్షణం ఆలస్యం చేయొద్దు.

2. మొదటి మూడు రోజులు

ఐసు ముక్కలను పల్చని తడి గుడ్డలో చుట్టి 15–20 నిమిషాలు పెట్టండి. మళ్లీ పెట్టడానికి కనీసం 2 గంటలు ఆగండి. నేరుగా చర్మానికి తగిలితే బొబ్బలొస్తాయి. ఐసు నొప్పిని తగ్గిస్తుంది, అంతే. లిగమెంటును అతికించదు.

కట్టుకు 10 సెంటీమీటర్ల వెడల్పు క్రేప్ బ్యాండేజ్ సరిపోతుంది. పాదాన్ని కాలికి లంబంగా ఉంచి, వేళ్ల మొదళ్ల దగ్గర రెండు చుట్లు వేసి, చీలమండ చుట్టూ 8 అంకె ఆకారంలో తిప్పుతూ, ప్రతి చుట్టూ కిందిదాన్ని సగం కప్పేలా పిక్క కింది దాకా రండి. మడమ బయట ఉండిపోకూడదు. చీలమండ దగ్గరే మొదలుపెట్టి పైకి చుట్టేస్తే నీరంతా పాదంలోకి దిగి వేళ్లు ఉబ్బుతాయి. కట్టాక బొటనవేలి గోరు నొక్కి వదలండి. 2 సెకన్లలో రంగు తిరిగి రాకపోతే కట్టు బిగుసుకుందన్నమాట, విప్పి మళ్లీ కట్టండి. రాత్రి పడుకునేటప్పుడు తీసేయండి.

పడుకున్నప్పుడు దిండ్లు పెట్టి కాలిని గుండె కంటే ఎత్తులో ఉంచండి. వేడి కాపడం, మర్దన, మద్యం ఈ మూడు రోజులూ వద్దు. లోపలి రక్తస్రావం, వాపు పెరుగుతాయి.

3. కదలిక మొదలుపెట్టండి

మంచానికే పరిమితమైతే కీలు బిగుసుకుపోతుంది. రెండో రోజో మూడో రోజో నొప్పి భరించగలిగినంత మేర బొటనవేలితో గాలిలో అ నుంచి అః వరకు రాయండి, రోజుకు మూడుసార్లు. కుంటు పోయేదాకా కర్ర సాయంతో నడవండి.

4. నిలకడ తిరిగి తెచ్చుకోండి

ఎక్కువ మంది వదిలేసే మెట్టు ఇదే. పాదం ఎంత వాలిందో మెదడుకు చెప్పే నాడుల కొసలు లిగమెంట్లలోనే ఉంటాయి. అవి దెబ్బతింటే, వాపు దిగి నొప్పి పోయాక కూడా కబురు ఆలస్యంగా అందుతుంది. కాలు మడతపడబోతుంటే ఆపాల్సిన బయటి కండరాలు సమయానికి బిగుసుకోవు. అదే కాలు మళ్లీ మళ్లీ బెణకడానికి పెద్ద కారణం ఇదే.

గోడ పక్కన ఉత్త కాళ్లతో, మోకాలు కొద్దిగా వంచి ఒంటికాలిపై 30 సెకన్లు నిలబడండి, మూడుసార్లు. తూలకుండా నిలవగలిగితే కళ్లు మూసుకుని, తర్వాత మడిచిన తువ్వాలు మీద, ఆపైన బంతిని గోడకు కొట్టి పట్టుకుంటూ చేయండి. మునివేళ్లపై లేచి దిగడం 15 చొప్పున మూడు విడతలు కలపండి. రోజుకు పది నిమిషాలు, కనీసం ఆరు వారాలు.

5. ఎప్పుడు దిగొచ్చు?

తేదీలు చూసుకుని కాదు, కాలిని పరీక్షించి. దెబ్బ తగిలిన కాలితో పది గెంతులు వేయండి, 8 అంకె ఆకారంలో వేగంగా పరుగెత్తండి. నొప్పి లేకుండా, రెండో కాలితో సమానంగా వస్తే ఆడొచ్చు. చిన్న బెణుకుకు రెండు మూడు వారాలు, చిరిగితే ఆరు వారాలు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. తర్వాత కొన్ని నెలలు ఆటలో లేసులున్న చీలమండ బ్రేస్ వేసుకోండి. మడమ ఒకవైపే అరిగిన బూట్లు మార్చేయండి. ఆరు వారాల వ్యాయామం తర్వాత కూడా కాలు పక్కకు జారిపోతున్నట్టుంటే ఎముకల డాక్టరుకు చూపించండి.