కూల్ రూఫ్ పెయింట్ గదిని ఎంత చల్లబరుస్తుందో కొలవడం

కూల్ రూఫ్ పెయింట్ అంటే స్లాబు పైన వేసే, ఎండను వెనక్కి తిప్పికొట్టే రంగు. పై అంతస్తులో ఒకే కొలతలతో, కిటికీలు ఒకే దిక్కుకున్న రెండు గదులు ఎంచుకోండి. డేటా లాగర్లు (ఉష్ణోగ్రతను వాటంతటవే నమోదు చేసే పరికరాలు) రెండింటినీ ముందు ఒక రాత్రంతా పక్కపక్కనే పెట్టండి. అర డిగ్రీ తేడా వచ్చినా రాసుకుని తర్వాత సవరించాలి. ఆపై ఒక్కో గది మధ్యలో ఒకటి చొప్పున, నేలకు 1.1 మీటర్ల ఎత్తున వేలాడదీసి, 10 నిమిషాలకో రీడింగు పెట్టండి. గోడకు తగిలిస్తే గాలి వేడిలో గోడ వేడి కలిసిపోతుంది.

రంగు వేయకముందు కనీసం వారం కొలవాలి. చాలామంది వదిలేసేది ఇదే. ఆ వారం లేకపోతే తర్వాత కనిపించే తేడా రంగుదో, గదులదో తేల్చలేం. తర్వాత స్లాబు కడిగి, పూర్తిగా ఆరాక ఒక గదిపైనే రెండు కోట్లు వేసి మరో 2 వారాలు కొలవండి. ఫ్యాన్లు, కిటికీలు రెండు గదుల్లోనూ ఒకేలా నడవాలి, ఏసీ వద్దు.

స్లాబు అడుగున థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే సన్నటి తీగ) కొనను అల్యూమినియం టేపుతో గట్టిగా అంటించండి. మధ్యలో గాలి చేరితే రీడింగు తప్పు. ఇన్‌ఫ్రారెడ్ గన్‌ను (దూరం నుంచే ఉపరితల వేడి కొలిచే పరికరం) మాత్రం ఆ టేపు మీద గురిపెట్టకండి. మెరిసే లోహం చుట్టుపక్కల వేడినే ప్రతిఫలిస్తుంది.

కాంక్రీటులోంచి వేడి ఆలస్యంగా దిగుతుంది. అందుకే సాయంత్రం, రాత్రి రీడింగులను మధ్యాహ్నానివాటితో కలిపి సగటు తీయకుండా విడిగా చూడండి.