సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఫోర్‌వీల్ డ్రైవ్ మొరాయిస్తే ముందు ఏం చూడాలి

కొత్తప్పుడు అరవై డెబ్బై లక్షలు, కొన్నయితే కోటి దాకా పలికిన డిస్కవరీ 4, ఆడి క్యూ7, బీఎండబ్ల్యూ ఎక్స్5, మెర్సిడెస్ జీఎల్ లాంటి బండ్లు పదేళ్లు దాటేసరికి మామూలు ఉద్యోగి కూడా లోన్ పెట్టి కొనగలిగే రేటుకు వచ్చేస్తాయి. బండి రేటు దిగుతుంది గానీ స్పేర్ల రేటు దిగదు, చిక్కంతా అక్కడే. దానికి తోడు చాలా షెడ్లలో స్కానర్ పెట్టి, కోడ్‌లో ఏ పార్టు పేరు వస్తే ఆ పార్టు మార్చేస్తారు. ఏడుస్తున్నది ఎవరో కోడ్ చెబుతుంది, కొట్టింది ఎవరో చెప్పదు. అందుకే కింద ప్రతి సమస్యకూ చవకగా తేలే కారణం ముందు రాశాను, జేబుకు చిల్లు పెట్టేది ఆ తర్వాత.

పొద్దున చూస్తే బండి కుంగిపోయి ఉంది

ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు బ్యాగుల మీద నిలబడేది) ఉన్న పాత బండ్లలో ఎక్కువగా వినబడే గొడవ ఇదే. స్క్రీన్ మీద సస్పెన్షన్ ఫాల్ట్ అని వస్తుంది, షెడ్డుకెళ్తే కంప్రెసర్ పోయింది అంటారు. నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ ఎందుకు పోయింది? ఎక్కడో ఒక ఎయిర్ బ్యాగ్ సన్నగా లీకవుతుంటే ఆ గాలి నింపడానికి కంప్రెసర్ రోజూ ఎక్కువసేపు తిరిగి తిరిగి కాలిపోతుంది. లీక్ ఆపకుండా కొత్త కంప్రెసర్ వేస్తే అది కూడా అదే దారి పడుతుంది.

లీక్ ఏ మూలన ఉందో ఇంట్లోనే కనిపెట్టొచ్చు. రాత్రి బండి సమతలంగా ఉన్న చోట ఆపి, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు వైపులా టేపుతో కొలిచి రాసుకోండి, పొద్దున మళ్లీ కొలవండి. డిస్కవరీ, రేంజ్ రోవర్‌లతో ఒక తిరకాసు ఉంది: ఆపేసిన తర్వాత కూడా సస్పెన్షన్ కంప్యూటర్ మధ్యమధ్యలో లేచి, ఒక మూల దిగితే మిగతా మూడింటినీ దాని ఎత్తుకు దించేస్తుంది. దాంతో నాలుగూ లీకవుతున్నట్టు కనబడుతుంది, నాలుగూ మార్చాలన్న ఎస్టిమేట్ చేతికొస్తుంది. రాత్రి సస్పెన్షన్ ఫ్యూజు తీసేసి కొలిస్తే అసలు దొంగ ఒక్కటే దిగుతుంది.

మూల తెలిశాక బండిని పై ఎత్తుకు లేపి, స్టాండ్లు పెట్టి, సబ్బు నీళ్లు స్ప్రే చేయండి. రబ్బరు కిందివైపు మడతపడే చోట సన్నటి పగుళ్లు ఉంటాయి, బండి మామూలు ఎత్తులో ఉన్నప్పుడు అవి మడతలో దాక్కుంటాయి, పైకి లేపితేనే తెరుచుకుని బుడగలు వస్తాయి. అక్కడ లేకపోతే పైపు జాయింట్లు, ఆ తర్వాత ఏ బ్యాగుకు ఎంత గాలి పంపాలో చూసే వాల్వ్ బ్లాక్ చూడాలి. స్టాండ్లు లేకుండా మాత్రం ఎవరూ కింద దూరొద్దు, గాలి ఒక్కసారి దిగిందంటే మనిషికి చోటుండదు.

కంప్రెసర్ మార్చక తప్పకపోతే దానికి కరెంటు ఆన్, ఆఫ్ చేసే రిలే కూడా మార్చండి. చవక వస్తువు, పాతది అతుక్కుపోయి ఉంటే కొత్త కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. డిస్కవరీల్లో మొదట వచ్చిన హిటాచీ కంప్రెసర్ బదులు తర్వాత ఏఎంకే రకం వేయడం మొదలుపెట్టారు, అలా మార్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ కూడా అప్‌డేట్ చేయాలి. ఇంకోటి, 2013 దాకా వచ్చిన ఎక్స్5లో ఎయిర్ ఉంటే వెనక మాత్రమే ఉంటుంది, ముందు కుంగితే అది వేరే కథ.

పికప్ పోయింది, ఎంత తొక్కినా ఎక్కట్లేదు

దీన్ని లింప్ మోడ్ అంటారు, ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి పవర్ తగ్గించుకుంటుంది. వెంటనే టర్బో పోయిందని చెప్పేవాళ్లు ఉంటారు. ముందు టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే గొట్టాలు చూడండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బుస్సుమని శబ్దం వస్తున్నా, జాయింటు దగ్గర నల్లగా ఆయిల్ మరక ఉన్నా గొట్టం చిరిగిందని అర్థం. చాలాసార్లు పని అక్కడే అయిపోతుంది.

మెర్సిడెస్ ఎంఎల్, జీఎల్‌లలో వచ్చే మూడు లీటర్ల వీ6 డీజిల్, ఓఎం642, దీనికి సొంత జబ్బులు రెండు. టర్బోలోకి గాలి వెళ్లే చోట ఉండే సీలు గట్టిపడి, అక్కడి నుంచి ఆయిల్ చుక్కచుక్కగా కింద ఉన్న స్విర్ల్ మోటారు (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని సుడి తిప్పే రెక్కలను కదిపేది) మీద పడుతుంది. కోడ్ స్విర్ల్ మోటారు పేరే చెబుతుంది, మోటారు మారుస్తారు, సీలు వదిలేస్తారు, మళ్లీ అదే. రెండోది ఆయిల్ కూలర్ సీళ్లు. ఇవి ఇంజిన్ వీ మధ్యలో లోపలెక్కడో ఉంటాయి, లీకైన ఆయిల్ వెనక్కి జారి గేర్‌బాక్స్ జాయింటు దగ్గర కారుతుంది, చూసినవాడు గేర్‌బాక్స్ దించాలంటాడు. సీళ్లు చిన్నవే, వాటి దాకా చేరడానికి పైన ఉన్నదంతా విప్పాలి కాబట్టి లేబరే ఎక్కువ. పాతవి నారింజ రంగు, తర్వాత వచ్చిన మెరుగైనవి ఊదా రంగు. వేయించే ముందు రంగు చూసుకోండి.

బండికి డీపీఎఫ్ (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంటే, ఊళ్లోనే తిప్పే బండి అయితే, అది మసితో నిండిపోయి కూడా లింప్ మోడ్ వస్తుంది. అమీర్‌పేట నుంచి మాదాపూర్‌కు రోజూ ఒకటో గేరు, రెండో గేరులో పాకే బండికి ఆ మసి కాల్చుకునేంత వేడి రాదు. వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించి అరగంట ఒకే స్పీడులో పోనిస్తే మొదట్లోనే సర్దుకుంటుంది. బాగా నిండిపోతే స్కానర్‌తో రీజనరేషన్, అంటే ఆ మసిని కాల్చే పని, చేయించాలి. డీపీఎఫ్ పీకేయమని సలహా ఇచ్చేవాళ్ల మాట వినొద్దు, పొల్యూషన్ నిబంధనలకు విరుద్ధం, పైగా రేపు అమ్మేటప్పుడు గొడవ. ఇవోక్, డిస్కవరీ స్పోర్ట్‌లలోని రెండు లీటర్ల ఇంజీనియం డీజిల్‌లో ఈ మసి కాల్చే ప్రయత్నం మధ్యలో ఆగిపోతూ ఉంటే డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ లెవెల్ తగ్గకుండా పెరుగుతోందంటే అదే కారణం. పలచబడ్డ ఆయిల్‌తో తిప్పితే టైమింగ్ చైన్ (ఇంజిన్ వాల్వులను సరైన సమయానికి తెరిపించే గొలుసు) సాగుతుంది, సర్వీసు మెసేజ్ కోసం ఎదురుచూడకుండా ముందే ఆయిల్ మార్చేయడమే మందు.

కూలెంట్ తగ్గుతోంది, కింద మాత్రం తడి లేదు

ఈ బండ్లలో కూలెంట్ పైపులు, థర్మోస్టాట్ హౌసింగ్ చాలావరకు ప్లాస్టిక్. వేడికి పెళుసెక్కి అతుకు దగ్గర విచ్చుకుంటాయి, కారిన చుక్క ఇంజిన్ వేడికి అక్కడే ఆరిపోయి తెల్లటి పొరలా మిగులుతుంది. ల్యాండ్ రోవర్ సూపర్‌ఛార్జ్‌డ్ పెట్రోల్ వీ6, వీ8ల మీద ఈ పైపులకు బాగా చెడ్డపేరు. ప్రెషర్ టెస్ట్ చేయిస్తే ఎక్కడో తేలుతుంది, ఒక పైపు పోతే మిగతావీ అదే వయసువి కనుక అన్నీ ఒకేసారి మార్చేయడం మేలు. టెంపరేచర్ ముల్లును నమ్ముకోవద్దు, వేడి కొంత పెరిగినా అది మధ్యలోనే నిలబడి ఉండేలా చేస్తారు, ముల్లు కదిలేసరికి ఆలస్యమైపోతుంది. బోరు నీళ్లు పోయకండి, ఉప్పు పేరుకుని రేడియేటర్ పూడుకుపోతుంది.

గేరు పడేటప్పుడు జర్క్, పార్కింగ్‌లో తిప్పితే కుదుపు

ఇవి రెండు వేర్వేరు. జర్క్ వస్తే గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారో అడగండి. "లైఫ్‌టైమ్ ఆయిల్ అండీ, మార్చక్కర్లేదు" అని షోరూమ్‌వాళ్లు చెబుతారు. కానీ ల్యాండ్ రోవర్, బీఎండబ్ల్యూలకు ఆ గేర్‌బాక్స్ తయారుచేసే జడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకో, ఎనిమిదేళ్లకో మార్చమంటుంది. ఫిల్టర్ కింది ప్లాస్టిక్ ఆయిల్ పాన్‌లో కలిసే ఉంటుంది, పాన్ మొత్తం మార్చాలి. లెవెల్ చూసేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉండి ఆయిల్ 30 నుంచి 50 డిగ్రీల వేడిలో ఉండాలి. చల్లగా ఉండగానే నింపి పంపేస్తే కొత్త ఆయిల్‌తో కూడా జర్క్ పోదు, అప్పుడు గేర్‌బాక్సే పోయిందంటారు.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలేటప్పుడు కుదుపు వస్తే ముందు టైర్లు చూడండి. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి. అమ్మేవాళ్లు డబ్బు మిగుల్చుకోవడానికి రెండు కొత్తవి వేసి పంపుతారు, ముందు వెనక చక్రాల చుట్టుకొలత తేడా వల్ల ఆ రెండింటికీ పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. టైర్లు సరిగానే ఉంటే ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ మార్చి చూడండి. బీఎండబ్ల్యూలో ఫోర్ బై ఫోర్, ఏబీఎస్, డీఎస్‌సీ (బండి అదుపు తప్పకుండా చూసే సిస్టమ్) లైట్లు మూడూ కలిసి వెలిగితే ట్రాన్స్‌ఫర్ కేసును నడిపే యాక్చుయేటర్ మోటారులోని ప్లాస్టిక్ గేరు పళ్లు అరిగాయేమో విప్పించి చూడండి. ఆ చిన్న గేరు విడిగా దొరుకుతుంది, ట్రాన్స్‌ఫర్ కేసంతా మార్చక్కర్లేదు.

ఉన్న వార్నింగ్ లైట్లన్నీ ఒకేసారి వెలిగాయి

టెన్షన్ పడకండి, నాలుగు సిస్టమ్‌లు ఒకే రోజు పాడవవు. బ్యాటరీ చూడండి. రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, 12.2 కంటే తక్కువైతే అనుమానించాల్సిందే. బీఎండబ్ల్యూ, ఆడిల్లో కొత్త బ్యాటరీ వేశాక ఆ సంగతి స్కానర్‌తో బండికి చెప్పాలి, లేకపోతే పాత బ్యాటరీ అనుకునే ఛార్జ్ చేస్తుంది.

బ్యాటరీ బాగుంటే కార్పెట్ కింద చెయ్యి పెట్టండి. సన్‌రూఫ్ నీళ్లు బయటికి పోయే సన్నటి గొట్టాలు దుమ్ముతో మూసుకుపోతే వానాకాలంలో నీళ్లు లోపలికి దిగి వైరింగ్ దగ్గర నిలుస్తాయి. మెత్తటి వైరుతో శుభ్రం చేయాలి, గాలి కొట్టిస్తే లోపల జాయింటు ఊడిపోతుంది. నీటి మరకలు మరీ పైదాకా ఉంటే అది వరదలో మునిగిన బండి కావచ్చు. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2023 డిసెంబరులో చెన్నై, 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు నీళ్లలో నిలిచిన కార్లు ఎన్నో. సీటు బెల్టును చివరి దాకా లాగి చూడండి, బురద గీత అక్కడ మిగిలిపోతుంది.

స్టార్ట్ చేయగానే గరగర, లేదా కింది నుంచి టకటక

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లు గరగరలాడితే టైమింగ్ చైన్. ఆడి మూడు లీటర్ల టీడీఐ డీజిల్‌లో, బీఎండబ్ల్యూ ఎన్57 డీజిల్ ఇంజిన్‌లో ఆ చైను ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది, దాన్ని మార్చాలంటే పెద్ద దించుడే, ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే బండి చూడ్డానికి వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేయండి, వెచ్చగా ఉంటే మిమ్మల్ని రమ్మని ముందే స్టార్ట్ చేశారన్నమాట.

ల్యాండ్ రోవర్ 2.7, 3.0 వీ6 డీజిల్‌లో కింది నుంచి టకటక వస్తే బేరింగు ఉన్న చోటే జారి తిరిగిపోయి క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్ లోపలి ప్రధాన ఇరుసు) పోతున్న గుర్తు. ఆయిల్ ఫిల్టర్ కోయించి చూస్తే లోహపు పొట్టు మెరుస్తుంది. దీనికి చవక రిపేరు లేదు. కొనకముందైతే నమస్కారం పెట్టి వచ్చేయండి. కొనేశారంటే ఇంజిన్ ఓవర్‌హాలో, వేరే ఇంజినో. బాగున్న ఇంజిన్‌కు మాత్రం కంపెనీ చెప్పిన గడువులో సగానికే ఆయిల్ మార్చండి. ఈ ఇంజిన్లకు ముందున్న టైమింగ్ బెల్టుతో పాటు వెనక డీజిల్ పంపుకు ఇంకో బెల్టు ఉంటుంది, రెండూ మార్చారో లేదో బిల్లు చూసి తెలుసుకోండి, ఓనర్ నోటి మాట వద్దు.

బండి బాగానే ఉంది, డబ్బే ఆగట్లేదు

ఊళ్లో లీటరుకు ఎనిమిది వస్తే మంచి మైలేజీ అనుకోవాలి. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే 1,500 లీటర్లు, లీటరు 95 రూపాయల చొప్పున 1,42,500. 19, 20 అంగుళాల టైర్ల సెట్టు లక్ష దాటడం మామూలే. బండి ధరలో ఐదో వంతు మొదటి ఏడాది రిపేర్లకు పక్కన పెట్టలేకపోతే ఆ రేటు బండి మీ బడ్జెట్‌లో లేనట్టే, నా లెక్క అది. ఆ డబ్బుకు పాత ఫార్చ్యూనర్ కొనుక్కోండి, దర్జా తగ్గినా నిద్ర పడుతుంది.

మరీ చవకగా కనబడితే అది ఢిల్లీ బండి కావచ్చు. అక్కడ పదేళ్లు దాటిన డీజిళ్లపై 2015లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) ఆంక్షలు పెట్టింది, 2018లో సుప్రీంకోర్టూ సమర్థించింది, తర్వాత నిబంధనలు అటూఇటూ మారుతూ వచ్చినా అక్కడి పాత డీజిళ్లు మన వైపు దిగడం ఆగలేదు. బండిలో తప్పేం ఉండకపోవచ్చు, కానీ ఇక్కడ రీ-రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ కలిపితే మిగిలిందనుకున్న డబ్బులో చాలా భాగం పోతుంది. అడ్వాన్స్ ఇవ్వకముందే ఆ లెక్క ఆర్టీఏ ఆఫీసులో వేయించుకోండి, లోన్ ఉన్న బండి అయితే బ్యాంకు ఎన్‌ఓసీ, అక్కడి ఆర్టీవో ఎన్‌ఓసీ రెండూ చేతికొచ్చే దాకా మిగతా డబ్బు కట్టకండి.