కప్పగుడ్డు మీద పడే మొదటి గుంట చూడాలంటే కింద అద్దం పెట్టండి

మొదటిసారి కప్పగుడ్ల ముందు రాత్రంతా జాగారం చేశాను. భూతద్దంలోంచి ఎంతసేపు చూసినా నల్లటి గుండ్రాలే. తెల్లారాక విసుగొచ్చి ఒకదాన్ని సూదితో దొర్లిస్తే అడుగున తెల్లటి చుక్క కనిపించింది. నేను పైకప్పు చూస్తూ కూర్చున్నాను, తలుపు నేలవైపు తెరుచుకుంది!

కప్పగుడ్డులో సొన బరువంతా తెల్లటి సగంలో ఉంటుంది. ఫలదీకరణ అయ్యాక గుడ్డు తన జిగురు తొడుగులో తిరిగి తెల్లటి వైపును కిందికి పెట్టుకుంటుంది. పేగు తయారవడానికి పిండం మీద మొదట ఒక గుంట పడుతుంది, మనం చూడాల్సింది దాన్నే. అది పడేది ఆ వైపే. అందుకే గాజుపళ్లెం కింద అద్దం పెట్టండి, పక్కనుంచి టార్చి వేయండి. నిట్టనిలువుగా చూస్తే గుడ్డే అద్దంలోని తన బొమ్మను కప్పేస్తుంది, కాస్త ఏటవాలుగా చూడాలి. ఫోకస్ కూడా గుడ్డు మీద కాదు, అద్దంలోని బొమ్మ మీద పెట్టాలి. ఫోన్ కెమెరా జూమ్ అయినా సరిపోతుంది.

గుడ్లు పదో పదిహేనో చాలు. అవి దొరికిన నీళ్లలోనే ఉంచండి, క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లు వద్దు. ఎండ తగలనివ్వకండి. వేడి పెరిగితే ఎదుగుదల కూడా పరుగెడుతుంది, కాబట్టి గడియారాన్ని నమ్ముకోకుండా ఆకారాన్ని చూడండి. ప్రయోగశాలల్లో పెంచే ఆఫ్రికా కప్ప జెనోపస్‌లో, 23 డిగ్రీల దగ్గర, ఫలదీకరణ అయిన 9, 10 గంటలకు కథ మొదలవుతుంది. మీ కప్పది వేరే లెక్క కావచ్చు.

మొదట కనిపించేది ఓ చిన్న నల్లటి గీత, గోటితో నొక్కినట్టు. అక్కడి కణాలు బయటివైపు మూతి బిగించుకుని, ఒళ్లు లోపలికి తోసుకుని, సీసాల్లా తయారవుతాయి. మూతి దగ్గర రంగు కుదించుకుపోవడం వల్లే ఆ నలుపు. మన గుంట పేరు బ్లాస్టోపోర్, ఈ గీతే దాని పైపెదవి. (1924లో ప్రచురించిన ప్రయోగంలో జర్మన్ శాస్త్రవేత్తలు స్పెమాన్, హిల్డె మాన్‌గోల్డ్ నీటిబల్లి పిండంలో ఈ పెదవి ముక్కను తీసి మరో పిండానికి అతికిస్తే అక్కడ రెండో శరీరం మొలకెత్తింది. దీన్ని చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.)

తర్వాత గీత నెలవంక అవుతుంది, అర్ధచంద్రం అవుతుంది, చివరికి రెండు కొసలూ కలిసి వలయమవుతుంది. వలయం మధ్యలో తెల్లగా పొడుచుకొచ్చి ఉండేది సొనబిరడా. నేను మొదట్లో దీన్ని చూసి గుడ్డు పగిలి సొన కారుతోందనుకున్నాను, మంచి గుడ్లను పారబోశాను కూడా. మీరు తొందరపడకండి. వలయం అంచు గుండ్రంగా, శుభ్రంగా ఉండి, బిరడా గంట గంటకీ చిన్నదవుతుంటే గుడ్డు క్షేమమే. తెల్లగా మసకబారి, బూజు పట్టినట్టుంటే మాత్రం తీసేయండి, పక్కవాటిని కూడా చెడగొడుతుంది.

బయట వలయం బిగుస్తుంటే కణాలు పెదవి మీదుగా మడతపడి లోపలికి దొర్లుకుంటూ పోతాయి. అలా ఏర్పడే ఖాళీయే ఆర్కెంటెరాన్, అంటే తొలి పేగు. సగం గాలి నింపిన బుడగలోకి వేలు గుచ్చి చూడండి. వేలు పట్టిన సందు పేగు, వేలు దూరిన చోటు బ్లాస్టోపోర్. కప్ప విషయంలో ఇది మరీ నాటు బొమ్మే, సొన అడ్డంగా ఉంటుంది కదా. సీ అర్చిన్ (ఒళ్లంతా ముళ్లుండే సముద్రజీవి) పిండానికైతే అచ్చంగా సరిపోతుంది. అది గాజులా పారదర్శకం, కాబట్టి సూక్ష్మదర్శినిలో పేగు పైకి పాకడం పక్కనుంచే కనిపిస్తుంది. పేగు కొసన ఉన్న కణాలు సన్నటి దారాలు విసిరి, ఎదుటి గోడను పట్టుకుని లాగుతాయి. కొస ఒక పక్కకు వంగి గోడను తాకిన చోట నోరు తెరుచుకుంటుంది. మొదట పడిన గుంట మలద్వారం అవుతుంది.

కప్పలో కూడా బ్లాస్టోపోర్ సన్నటి సందుగా మూసుకుపోయాక, మలద్వారం ఆ వెనక కొసనే వస్తుంది. నోరు రెండోది. 1908లో జంతుశాస్త్రవేత్త గ్రోబెన్ జంతువులను రెండు గుంపులుగా విడదీసింది ఈ లెక్క మీదే. మొదటి రంధ్రమే నోరైతే ప్రోటోస్టోమ్‌లు, నోరు తర్వాత వస్తే డ్యూటెరోస్టోమ్‌లు. పరీక్షకు ఇంతవరకు బట్టీ పట్టవచ్చు. పళ్లెం ముందు కూర్చున్నప్పుడు మాత్రం పక్కన పెట్టండి. ప్రియాపులిడ్ అనే సముద్రపు పురుగులు పేరుకు ప్రోటోస్టోమ్‌లే, వాటిలో బ్లాస్టోపోర్ వైపు మలద్వారం వస్తుంది. వివిపారస్ అనే మంచినీటి నత్తదీ అదే తంతు. కొన్ని జీవుల్లో బ్లాస్టోపోర్ పొడవాటి చీలికలా సాగి, నడుమ కుట్టేసినట్టు మూసుకుపోయి, రెండు కొసలు రెండు రంధ్రాలుగా మిగులుతాయి. పువ్వులా కనిపించే సముద్రజీవి సీ ఎనిమోన్‌కైతే ఉన్నదే ఒక్క ద్వారం. కాబట్టి ముందు పేరు పెట్టి తర్వాత చూడకండి. గుంట ఎటు పోతోందో గీసుకోండి, పేరు తర్వాత పెట్టవచ్చు.

ఇక నోటి కోసం ఓపిక పట్టాలి. జెనోపస్‌లోనే రెండున్నర రోజులు దాటుతుంది. పిండం పొడవు సాగి తల, తోక తెలిశాక, తల కింద జిగురు గ్రంథి నల్లటి మచ్చలా కనిపిస్తుంది. ఆ మచ్చకు కాస్త పైన చూడండి, చిన్న గుంట ఉంటుంది. బయటి నుంచి బహిస్త్వచం (పిండం బయటి పొర) లోపలికి, లోపలి నుంచి పేగు ముందుకు వచ్చి అక్కడ ఒకదానికొకటి అంటుకుంటాయి. మిగతా చోట్ల వాటి మధ్య దూరే మధ్యస్త్వచం (నడిమి పొర) ఇక్కడ దూరదు. అలా అంటుకున్న పొర పలచబడి, చిల్లులు పడి, చిరిగిపోతుంది. మనిషి పిండంలోనూ ఇంతే, నోటి పొర నాలుగో వారంలో చిరుగుతుంది. మలద్వారం పొర తెరుచుకోవడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది.

చిరిగే క్షణం నాకు ఇంతవరకు దొరకలేదు. ప్రతిసారీ ఒక చూపుకు గుంట, మరో చూపుకు రంధ్రం. తోకకప్పలు పళ్లెం గోడను గీకడం మొదలుపెట్టాయంటే రెండు చివర్లూ తెరుచుకున్నట్టే. ఆ రోజే వాటిని తెచ్చిన నీళ్లలో వదిలేసి రండి.