ఆవు ఈనే రోజుల్లో జాగ్రత్త

ఆంబోతు ఎదురైతే ఎవరైనా పక్కకు తప్పుకుంటారు. ఆవును చూసి ఎవరూ తప్పుకోరు. ఈనే రోజుల్లో దెబ్బలు తగిలేది ఆ నమ్మకంతోనే. మొన్నటిదాకా గంగడోలు నిమిరించుకున్న ఆవే, దూడ నేలమీద పడ్డాక మనిషిని ఎత్తి పడేయగలదు.

మగవాటి పోట్లాట ఎక్కువగా తోటి మగవాటితోనే. అందులో బెదిరింపు పాలు ఎక్కువ. ఆంబోతు పక్కకు తిరిగి ఒళ్లంతా చూపిస్తుంది, కాలు దువ్వుతుంది, రంకె వేస్తుంది. అలాగని దాన్ని ఏ రోజూ నమ్మకూడదు, అది వేరే సంగతి. ఈనిన తల్లి ఇంత హంగామా చేయకపోవచ్చు. దూడను నాకుతున్నది ఠక్కున ఆపి, తల పైకెత్తి, రెండు చెవులూ మీవైపు తిప్పిందంటే అక్కడే ఆగిపోండి. తల దించి దూడకు అడ్డంగా వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

లోపలికి వెళ్లే ముందే బయటికి వచ్చే దారి చూసుకోండి. ఒంటరిగా వెళ్లొద్దు. దూడ బొడ్డుకు మందు రాయాలన్నా, చెవికి ట్యాగ్ వేయాలన్నా ముందు తల్లిని కంచె అవతల ఉంచండి. తల్లికీ దూడకీ మధ్య మాత్రం నిలబడకండి. తొలిచూలు ఆవు ఎలా ఉంటుందో దానికే తెలియదు, ఇంకాస్త దూరం పాటించండి. మీదికొచ్చేలా ఉంటే వీపు చూపించి పరుగెత్తకుండా, దాన్ని చూస్తూనే వెనక్కి అడుగులేయండి.

కుక్కను వెంట తీసుకెళ్లడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఆవు కంటికి అది దూడను తినడానికి వచ్చిన మృగమే. ఆవు తరుముకొస్తే గొలుసు వదిలేయండి. కుక్క తప్పించుకోగలదు, మీరు కష్టం.

ఇంట్లో ఆడకుక్క ఈనినా ఇదే లెక్క. మొదటి రెండు మూడు వారాలు చిన్నపిల్లల్ని దగ్గరికి పంపకండి. పక్క బట్టలు మార్చాలంటే తల్లిని బయటికి పిలిచాకే మార్చండి.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. కుక్కపిల్లలే లేని ఆడకుక్క కూడా ఎద అయిపోయిన ఆరు నుంచి తొమ్మిది వారాల్లో, కడుపు రాకుండానే వచ్చినట్టు ప్రవర్తించొచ్చు. ఏదో పాత బొమ్మను పొట్ట దగ్గర పెట్టుకుని గుర్రుమంటుంది. నవ్వొస్తుంది, కానీ లాక్కోవద్దు. అది షికారుకు వెళ్లినప్పుడు తీసేయండి. కొన్నాళ్లకీ తగ్గకపోతే పశువుల డాక్టరుకు చూపించండి.