సూరత్‌లో ఉండి హన్మకొండలో కిరాయికిచ్చే ఇల్లు కొనాలంటే

మాది వరంగల్ కొత్తవాడ. పెళ్లయిన ఏడాదే సూరత్ లింబాయత్‌కు వచ్చేశాం. మా ఆయన మరమగ్గాల మీద, నేను ఇంట్లో చీరలకు స్టోన్లు అంటిస్తూ కూడబెట్టిన డబ్బుతో, కొత్తవాడలో మా నాన్న ఇచ్చిన వాటా అమ్మగా వచ్చిన డబ్బు కలిపి 2023 చివర్లో హన్మకొండ పక్కన భీమారంలో ఇల్లు కొన్నాం. నాలుగు పోర్షన్లు. అప్పటినుంచి మా గల్లీలో ఎవరు కలిసినా "అక్కా, ఊర్ల ఇల్లు కొన్నవట, కిరాయిలు మంచిగొస్తున్నయా?" అని అడుగుతున్నారు. వాళ్లందరికీ చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు లెక్క. ఇల్లు 58 లక్షలు. తెలంగాణలో రిజిస్ట్రేషన్‌కు అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 4 లక్షల 35 వేలు. లాయరు, మధ్యవర్తి కమీషన్, రంగులు, బాత్రూముల పని కలుపుకుంటే 65 లక్షలు దాటింది. నాలుగు పోర్షన్లకు కలిపి నెలకు 24 వేల కిరాయి. వంద రూపాయలు పెడితే ఏడాదికి నాలుగు రూపాయల నలభై పైసలు కూడా సరిగ్గా రాదన్నమాట. బ్యాంకు వడ్డీ దానికి రెండింతలుంటుంది. ఇది అర్థమైతే సగం పని అయినట్టే: ఎక్కువ అప్పు చేసి కొంటే కిరాయి మీ చేతికి రాదు, బ్యాంకుకు పోతుంది, పైనుంచి మీరే వేసుకోవాలి. 9 శాతం వడ్డీకి పదిహేనేళ్లకు 30 లక్షలు తీసుకుంటే కిస్తీయే నెలకు 30 వేలు దాటుతుంది. అందుకే మేం 12 లక్షలే తీసుకున్నాం. కిస్తీ 12,171.

పోయిన ఏడాది నా నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్తాను. కాగితం మీద రావాల్సిన కిరాయి 2 లక్షల 88 వేలు, వచ్చింది 2 లక్షల 41 వేలు. ఇల్లు చూసుకునే మా వదినకు 24 వేలు, ఇంటి పన్ను 7,400, మెట్ల లైటుకూ మోటరుకూ కరెంటు 6 వేలు, రిపేర్లు 31 వేలు. కిస్తీలు పోను మిగిలింది 26,548 రూపాయలు. నెలకు 2,200. మధ్యవర్తి కిరాయిని పన్నెండుతో గుణించి చూపిస్తాడు. మీరు పదితో గుణించండి, ఖర్చులు ఆ తర్వాత తీసేయండి. కిస్తీలు అయిపోయాక నెలకు 14 వేలు చేతిలో ఉంటాయన్న నమ్మకంతో కొన్నాం. "ఎయిర్‌పోర్టు వస్తుంది, రేటు డబులైతది" అని మామునూరు పేరు చెప్పి అమ్మజూపిన ప్లాట్లు చాలా చూశాం. ఖాళీ ప్లాటు కిరాయి ఇవ్వదు, మాకు కావాల్సింది కిరాయి.

ఎక్కడ కొనాలన్నది ఎవరు కిరాయికి వస్తారన్నదాన్ని బట్టి. నయీంనగర్, కిషన్‌పుర వైపు కాలేజీలు, హాస్టళ్లు. భీమారం కాకతీయ యూనివర్సిటీని ఆనుకునే ఉంటుంది. కాజీపేట ఫాతిమానగర్ వైపు రైల్వే వాళ్లు, నిట్ ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు. ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల నర్సులు, ల్యాబ్ పిల్లలు అడుగుతారు. విద్యార్థులకిస్తే తలకింత అని కిరాయి ఎక్కువ వస్తుంది గానీ, పరీక్షలు కాగానే సామాను సర్దుకుంటారు, అడ్మిషన్లయ్యేదాకా గది ఖాళీ. నేను పై రెండు పోర్షన్లు విద్యార్థులకు, కింది రెండు సంసారాలకు ఇచ్చాను. ఎండాకాలం కిస్తీ కట్టించేది ఆ కింది రెండే.

నీళ్ల సంగతి కాగితాలకంటే ముందు చూడండి. 2023 మే నెలలో హంటర్ రోడ్డు వైపు ఒక ఇల్లు మాకు బాగా నచ్చింది. బయానా ఇద్దామనుకుంటుండగా అందులో కిరాయికున్న ఆమె మంచం జరిపి గోడ చూపించింది. మోకాలెత్తున పసుపుపచ్చ చార. "2020ల నీళ్లొచ్చినప్పటిది అక్కా, రంగేసినా మళ్ల తేలుతది" అంది. ఇంటాయన ఆ మాట చెప్పనేలేదు. వదిలేసి వచ్చేశాం. జూలైలో వానలు పడి బొందివాగు పొంగితే ఆ వైపు కాలనీలు మళ్లీ మునిగాయి. ఆమె పేరు కూడా అడగలేదు నేను, ఇప్పటికీ అదే బాధ. ఇల్లు ఎండాకాలంలో చూస్తే వానాకాలంలో ఇంకోసారి రండి. సూరత్ నుంచి నవజీవన్ రైల్లో వరంగల్‌కు దాదాపు రోజంతా పడుతుంది, ఆ టికెట్ ఖర్చుకు వెనకాడొద్దు. ఎండాకాలం వచ్చినప్పుడు బోరు అరగంట వేయించి సంపు నిండుతుందేమో చూడండి.

కాగితాల్లో ముప్పై ఏళ్ల ఈసీ (ఆ ఇంటి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), ఇంటి పర్మిషన్, పన్ను రసీదు అడగండి. పర్మిషన్‌లో ఎన్ని అంతస్తులున్నాయో, కట్టింది ఎన్నో లెక్కపెట్టుకోండి. లాయరు మధ్యవర్తి తెచ్చిన మనిషి కాకూడదు, మీరు వెతుక్కున్న మనిషే కావాలి. ధర 50 లక్షలైనా అంతకు మించినా అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని కట్టాల్సింది కొనేవాళ్లే. మాకు అది 58 వేలు. అమ్మేవాళ్లతో ఈ మాట బయానా రోజే చెప్పండి, లేకపోతే రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల మీద పేచీ. రిజిస్ట్రేషన్ రోజుకు మాత్రం మీరే రండి, ఎవరికీ జీపీఏ (మీ బదులు సంతకం పెట్టే అధికారం) రాసివ్వకండి.

కొన్నాక నేను చేసిన మొదటి పని పోర్షన్‌కొక కరెంటు మీటరు పెట్టించడం. పాత యజమాని ఒకే మీటరు మీద నలుగురికీ పంచేవాడు, యూనిట్లు పెరిగి పై రేటు పడేది, నెలనెలా గొడవ. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్లకార్డు ఉన్న కిరాయిదారులకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. సొంత మీటరు ఉంటేనే అది వాళ్లకు అందుతుంది. కింది పోర్షన్ వాళ్లు కదలకుండా ఉండడానికి ఇదీ ఒక కారణం.

చూసుకునే మనిషి చుట్టమైనా సరే జీతం ఇవ్వండి. వదినకు నెలకు రెండు వేలు ఇస్తున్నాను కాబట్టే "ట్యాంకు కడిగించినవా వదినా?" అని మొహమాటం లేకుండా అడగగలుగుతున్నాను. ఆమె ఫోన్‌లో వీడియో తీసి పంపుతుంది. కిరాయి నేరుగా నా ఖాతాలోకే, ఐదో తారీఖులోపు. పదకొండు నెలల అగ్రిమెంటు, రెండు నెలల అడ్వాన్సు, అందరి ఆధార్ కాపీలు. ఆదాయపు పన్ను లెక్కలో కిరాయిలోంచి ఇంటి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం రసీదులు అడగకుండా వదిలేస్తారు, కిస్తీలోని వడ్డీ కూడా తీసేసుకోవచ్చు. బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్ ఏటా ఏప్రిల్‌లో తెచ్చుకోండి. ఇంటి పన్ను కూడా అదే నెలలో కట్టేస్తే 5 శాతం తగ్గుతుంది, వదిన కట్టి రసీదు ఫొటో పంపిస్తుంది.