శివరాత్రి నుంచి ఉగాది దాకా: చలికి ఎండిన ముఖాన్ని పండగ మేకప్‌కు సిద్ధం చేసుకోవడం ఎలా?

శివరాత్రికి చలి "శివ శివా" అనుకుంటూ వెళ్లిపోతుందంటారు. వెళ్తుంది నిజమే గానీ, పోతూ పోతూ ముఖాన్ని ఎండగట్టి మరీ పోతుంది. బుగ్గ మీద గోటితో మెల్లగా గీస్తే తెల్లగీత పడుతుంది. ముక్కు పక్క మడతల్లో సన్నటి పొట్టు లేస్తుంది. ముఖం కడుక్కున్న ఐదు నిమిషాలకే చర్మం బిగుసుకుంటుంది. ఇలాంటి ముఖం మీద ఎంత ఖరీదైన ఫౌండేషన్ వేసినా పొట్టు ఉన్నచోటల్లా రంగు చిక్కబడి అట్టకడుతుంది. మధ్యాహ్నానికి పెచ్చులూడే సున్నపు గోడలా తేలుతుంది.

నున్నగా, తేమగా ఉన్న చర్మం మీద వెలుతురు పడి తిరిగొస్తేనే మెరుపు కనిపిస్తుంది. గరుకుగా ఉంటే వెలుతురు చెదిరిపోయి ముఖం బూడిద పూసినట్టు ఉంటుంది. చామనఛాయ మీద ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అందుకే పని మేకప్ పెట్టెతో కాదు, చర్మంతో మొదలుపెట్టాలి.

పెద్దవాళ్లలో చర్మం పైపొర మారి కొత్తది రావడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. శివరాత్రికీ ఉగాదికీ మధ్య దాదాపు నెల రోజులు. 2026లో చూస్తే ఫిబ్రవరి 15న శివరాత్రి, మార్చి 19న ఉగాది. ఇంతకన్నా మంచి గడువు దొరకదు. ఆలస్యమైందా, టెన్షన్ పడకండి. రెండు వారాలు శ్రద్ధగా చేసినా తేడా తెలుస్తుంది. ఫాల్గుణంలో పెళ్లిళ్లున్నవాళ్లు ఈ లెక్కనే వెనక్కి వేసుకోవచ్చు.

ఒక మాట ముందే చెప్పాలి. వసంతం రాగానే చర్మానికి తేమ దానంతటదే వచ్చేస్తుందనుకుంటాం. హైదరాబాద్, కరీంనగర్, కర్నూలు వైపు మార్చి గాలి డిసెంబర్ గాలికన్నా పొడిగా ఉంటుంది, పైగా ఎండ తోడు. వీళ్లకు కాస్త చిక్కటి క్రీమే నయం. విశాఖ, కాకినాడ వాళ్లకు అప్పటికే చెమట మొదలవుతుంది కాబట్టి జెల్ లాంటి పల్చటి మాయిశ్చరైజర్ చాలు. అమెరికాలో చలి ఊళ్లలో ఉంటున్నవాళ్లకు మార్చిలోనూ ఇంట్లో హీటర్ నడుస్తుంటుంది, ఆ గాలి తేమను పీల్చేస్తుంది. వాళ్లూ చిక్కటి క్రీమే వాడాలి.

మొదటి పని: కొన్ని మానేయడం

పొట్టు కనిపించగానే చేయి స్క్రబ్ మీదకు పోతుంది. అక్కడే ఆగండి. చర్మం పైపొరలో కణాల మధ్య సెరమైడ్లు (ఒక రకం కొవ్వులు), కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. లోపలి తేమ బయటికి పోకుండా కాపాడేవి ఇవే. చలికి ఇవి తగ్గినప్పుడే పొట్టు లేస్తుంది. దాన్ని గరుకు పలుకులున్న స్క్రబ్‌తో రుద్దితే మిగిలిన కాస్తా పోతుంది. ఆ పూటకు నున్నగా అనిపిస్తుంది, మర్నాటికి మంట, రెండోరోజుకు మళ్లీ పొట్టు.

ఒంటిసబ్బు ముఖానికి వద్దు. మామూలు సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9, 10 దాకా ఉంటుంది, చర్మానిది 5 దగ్గర. బోరు నీళ్లతో కడుక్కునే ఇళ్లలో ఇంకో చిక్కు: ఆ నీళ్లలో సబ్బు సరిగా నురగ రాదు, దాని తెట్టె చర్మం మీదే మిగిలిపోతుంది. నురగ తక్కువగా వచ్చే మైల్డ్ ఫేస్‌వాష్ రాత్రి ఒకసారి వాడితే చాలు. పొద్దున వట్టి నీళ్లు సరిపోతాయి. మరీ వేడినీళ్లు మాత్రం వద్దు, చలి పోయింది కదా.

నిమ్మరసం, వంటసోడా ముఖానికి రాయకండి. ఒకటి అతి ఆమ్లం, ఇంకోటి క్షారం. మరి సున్నిపిండి? మన పెద్దవాళ్లు ముందు ఒళ్లంతా నూనె పట్టించి, నానిన తర్వాతే సున్నిపిండితో నలుగు పెట్టేవాళ్లు. ఆ వరుస తెలిసి పెట్టిందే. ఇప్పుడు నూనె వదిలేసి పొడిముఖం మీద పిండి రుద్దుతున్నాం, అది స్క్రబ్‌తో సమానం.

రెండో పని: తడి ఆరకముందే క్రీమ్

ఈ నెలలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే, ఖర్చు లేనిదీ ఇదే. ముఖం కడిగాక టవల్‌తో గట్టిగా తుడవద్దు. రెండుసార్లు అద్ది, బుగ్గల మీద చేయి వేస్తే ఇంకా చల్లగా తడి తగలాలి. అప్పుడే పెద్ద శనగ గింజంత మాయిశ్చరైజర్ తీసుకుని రెండు అరచేతుల మధ్య పరిచి, ముందు బుగ్గలకు, తర్వాత నుదురు, గడ్డం, మెడకు ఒత్తినట్టు పెట్టండి. ముక్కు పక్క మడతకు ఉంగరపు వేలితో విడిగా రాయాలి. అరచేయి అక్కడికి అందదు, పొట్టు లేచేది మాత్రం అక్కడే.

కొనేటప్పుడు డబ్బా వెనక చూడండి. గ్లిజరిన్, హైలురోనిక్ యాసిడ్ తేమను పట్టి ఉంచుతాయి. సెరమైడ్లు పోయినదాన్ని పూరిస్తాయి. పెట్రోలియం జెల్లీ పైన మూతలా కూర్చుంటుంది. గ్లిజరిన్ చవక క్రీముల్లోనూ ఉంటుంది, అందుకని ధర చూసి మోసపోకండి. వట్టి హైలురోనిక్ సీరం రాసి వదిలేస్తే తెలంగాణ పొడిగాలికి అంతగా నిలవదు, దాని పైన క్రీమ్ తప్పనిసరి. రాత్రి పడుకునే ముందు పెదాలకూ ముక్కు పక్కకూ గోరంత పెట్రోలియం జెల్లీ రాస్తే పొద్దుటికి మెత్తబడతాయి. కొబ్బరినూనె ఒంటికి బాగుంటుంది గానీ మొటిమలు వచ్చే ముఖానికి వద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి.

ఇక్కడ ఒకటి గమనించుకోవాలి. కనుబొమల్లో, ముక్కు పక్కన కాస్త పసుపుపచ్చగా, జిడ్డుగా పొట్టు లేస్తూ, తలలో చుండ్రు కూడా ఉంటే అది చలి పొడిదనం కాకపోవచ్చు. సెబోరిక్ డెర్మటైటిస్ అనే సమస్య అలాగే కనిపిస్తుంది. దానికి నూనె రాస్తే ఇంకా పెరుగుతుంది, చర్మ డాక్టర్‌ను కలవడమే మంచిది.

మూడో పని: మిగిలిన పొట్టును మెల్లగా దించడం

వారం, పది రోజులకు మంట, బిగుతు తగ్గాక మాత్రమే దీని జోలికి రావాలి. 5 శాతం లాక్టిక్ యాసిడ్ ఉన్న సీరం వారానికి ఒక రాత్రి చాలు. ముందు దవడ కింద కాస్త రాసి ఒకట్రెండు రోజులు చూడండి. అది వద్దనుకుంటే తాజా పెరుగు పది నిమిషాలు పెట్టి కడిగేయండి. పెరుగులో ఉన్నదీ లాక్టిక్ యాసిడే, మోతాదు తక్కువ కాబట్టి ఫలితమూ నెమ్మది. రెటినాల్ (విటమిన్ ఎ రకం) వాడేవాళ్లు అదే రాత్రి రెండూ కలపొద్దు.

ఇది మొదలుపెట్టాక సన్‌స్క్రీన్ మానకూడదు. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, పీఏ+++ (యూవీఏ కిరణాల నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే గుర్తు) ఉన్నది తీసుకుని, చూపుడువేలు, మధ్యవేలు నిండా గీత పెట్టుకుంటే ముఖానికీ మెడకూ సరిపోతుంది. మనలో చాలామంది అందులో సగం కూడా రాయం.

మధ్యలో హోలీ వస్తుంది

ఫాల్గుణ పౌర్ణమికి హోలీ, ఆ తర్వాత పక్షం రోజులకు ఉగాది. రెండు వారాలు కాపాడుకున్న చర్మం ఒక్కరోజులో పాడయ్యేది ఇక్కడే. హోలీకి ముందు మూడు రోజులు లాక్టిక్ యాసిడ్, త్రెడింగ్, వ్యాక్సింగ్ ఆపేయండి. ఆడటానికి వెళ్లేముందు మాయిశ్చరైజర్, దాని మీద సన్‌స్క్రీన్, చెవుల వెనక, జుట్టు అంచుల్లో కాస్త నూనె. తిరిగొచ్చాక రంగు మొత్తం ఆ పూటే పోవాలని రుద్దకండి. నూనెతో దూది తడిపి తుడిచి, ఫేస్‌వాష్‌తో ఒకసారి కడిగి వదిలేయండి. చెవి పక్కన గులాబీ మరక రెండు రోజులుంటే నష్టం లేదు. రుద్దితే వచ్చే ఎర్రదనం ఉగాది దాకా వేధిస్తుంది.

పార్లర్ పనులు

ఫేషియల్ చేయించుకోవాలంటే పండక్కి వారం ముందే. త్రెడింగ్ రెండు మూడు రోజుల ముందు. బ్లీచ్ వద్దనే నా సలహా, ఇప్పుడిప్పుడే కోలుకున్న చర్మానికి అది దెబ్బ. ఇక "వారంలో తెల్లబడతారు" అంటూ పేరూ ఊరూ లేని డబ్బాలో ఎవరైనా క్రీమ్ ఇస్తే తీసుకోకండి. అలాంటివాటిలో స్టెరాయిడ్ కలుపుతుంటారు. మొదట నిగనిగలాడుతుంది, తర్వాత చర్మం పల్చబడి మొటిమలు, ఎర్రదనం, ముఖం మీద వెంట్రుకలు మొదలవుతాయి.

పండగ రోజు

ఉగాదికి తలంటు తప్పదు. ముఖానికి నూనె, పసుపు తగిలి ఉంటే ఫేస్‌వాష్‌తో బాగా కడగండి. లేకపోతే నూనె మీద ఫౌండేషన్ జారుతుంది, పసుపు మీద రంగు మారుతుంది. వంటింటి పని, పచ్చడి, పూజ అయ్యాకే మేకప్‌కు కూర్చోండి. పొయ్యి వేడికి ఏదీ నిలవదు.

తడి ముఖం మీద మాయిశ్చరైజర్, ఐదు నిమిషాలాగి సన్‌స్క్రీన్, మళ్లీ ఐదు పది నిమిషాలు ఆగాలి. ఈ తీరిక లేకనే పైవన్నీ చిన్న చిన్న ఉండలుగా రాలుతుంటాయి. ఈలోపు పెదాలకు బామ్ రాసి జడ వేసుకోండి.

ఫౌండేషన్ ముఖమంతా ఒకే మందాన వేయక్కర్లేదు. ముక్కు చుట్టూ, గడ్డం మీద, నోటి చుట్టూ రంగు తేడా ఉన్నచోట చుక్కలు పెట్టి, తడిపి బాగా పిండిన స్పాంజితో అద్దండి. లాగి పూయకూడదు, లాగితే అణిగి ఉన్న పొట్టు మళ్లీ లేస్తుంది. షేడ్ చేతి మీద కాకుండా దవడ మీద, కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూసి ఎంచుకోవాలి. ఒక మెట్టు తెల్లటిది కొంటే మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు.

బ్లష్ పొడి కన్నా క్రీమ్ రకం మంచిది. చామనఛాయకు ఇటుక ఎరుపు, పగడపు రంగు బాగా నప్పుతాయి, లేత గులాబీ చాలాసార్లు పాలిపోయినట్టు ఉంటుంది. నవ్వినప్పుడు లేచే బుగ్గ మీద కాకుండా, దానికి కాస్త పైన వేలితో అద్దండి. పౌడర్ నుదుటి మధ్య, ముక్కు మీద మాత్రమే. బుగ్గల మీద కూడా చల్లితే నెల రోజులుగా తెచ్చుకున్న తేమంతా కప్పబడిపోతుంది. హైలైటర్ బుగ్గ ఎముక పైన ఒక్క చుక్క.

సాయంత్రం పెళ్లికో రిసెప్షన్‌కో వెళ్తుంటే ఇంకో జాగ్రత్త. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న సన్‌స్క్రీన్, సిలికా ఉన్న తెల్ల పౌడర్ ఫ్లాష్ పడగానే ఫొటోలో ముఖాన్ని తెల్లగా తేలుస్తాయి. బయల్దేరే ముందు గదిలో లైటు తీసి ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూసుకోండి. చెమట పడితే ముందు టిష్యూతో అద్ది, ఆ తర్వాతే పౌడర్ ముట్టుకోవాలి. తడి మీద పౌడర్ వేస్తే ముద్ద కడుతుంది.

ఇంటికొచ్చాక ఎంత అలసిపోయినా క్లెన్సింగ్ బామ్‌తోనో మైసెల్లార్ వాటర్ (మేకప్ తుడిచే నీళ్లలాంటి ద్రవం)తోనో మేకప్ తీసి, ఫేస్‌వాష్‌తో కడిగి, తడి ఆరకముందే మళ్లీ అదే క్రీమ్ రాయండి. కాటుకను రుద్దకండి, దూదిని కంటి మీద పది సెకన్లు ఉంచితే అదే కరిగి వస్తుంది.